నోటీసులో తేదీ ఏమిటి? - మన కథల్లో అద్దెదారు

ఈమధ్య విజయవాడలో జరిగిన ఒక కథాగోష్ఠిలో ఒక యువ రచయిత్రి తన కొత్త కథ చదివారు. కథ క్లుప్తంగా ఇది. ఒక పాత పెంకుటింటి ముందు వాటాలో పాతికేళ్ళుగా అద్దెకుంటున్న దంపతులు. భర్త ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసి మానుకున్నాడు. భార్య పచ్చళ్ళు పెట్టి అమ్ముతుంది. ఇంటి యజమాని చనిపోతాడు. అమెరికాలో ఉన్న కొడుకు వచ్చి, ఇల్లు ఒక బిల్డరుకి అమ్మేసి, తిరిగి విమానం ఎక్కుతాడు. వారం తిరక్కుండా రిజిస్టర్డు పోస్టులో లాయరు నోటీసు వస్తుంది. ఆ రాత్రి దంపతులు నిద్రపోరు. తెల్లవారేసరికి సామానంతా ట్రాలీ ఆటోలోకి ఎక్కుతుంది. ఆమె తులసికోటకు చివరిసారి నీళ్ళు పోస్తుంది. కథ అక్కడ ముగుస్తుంది.

కథ విన్నవాళ్ళలో కళ్ళు తుడుచుకున్నవాళ్ళున్నారు. పచ్చడి జాడీలు సర్దే ఘట్టం నిజంగానే బాగుంది. భాష సహజంగా ఉంది. చర్చలో అందరూ ఆ మాటలే అన్నారు. చివర్లో, వెనక వరసలో కూర్చున్న ఒక పెద్దాయన లేచారు. కోర్టులో గుమాస్తాగా పనిచేసి రిటైరైన మనిషి. ఆయన కథలు రాయరు, వింటారు. "అమ్మా, కథ బాగుంది. ఒక్క సందేహం. నోటీసులో తేదీ ఏమిటి?" అన్నారు.

"తేదీ అంటే అండీ?" అన్నారు రచయిత్రి.

"ఎప్పటిలోగా ఖాళీ చెయ్యమన్నారు? ఎవరి తరపున ఇచ్చారు? వీళ్ళు అద్దె ఏ తారీకున కడుతున్నారు? రసీదులున్నాయా? కాగితం రాసుకున్నారా, నోటిమాటేనా?"

నలుగురు నవ్వారు. "ఇది కథండీ, కేసుకట్ట కాదు" అన్నారెవరో. పెద్దాయన నొచ్చుకోకుండానే కూర్చున్నారు. అధ్యక్షస్థానంలో ఉన్న నేను కూడా ఆ ప్రశ్నను దాటవేసి, వందన సమర్పణకు పిలిచాను. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం ఆ ప్రశ్న నన్ను వదలలేదు. వదలకపోవడానికి కారణం ఉంది. అది ఆ రచయిత్రి కథకు సంబంధించింది కాదు, నా కథకు సంబంధించింది.

1994లో నేను సరిగ్గా ఇటువంటి కథే ఒకటి రాశాను. ఒక వారపత్రికలో వచ్చింది. అందులోనూ ఇల్లు అమ్ముడుపోతుంది, నోటీసు వస్తుంది, అద్దెదారు తాళంచెవి కొత్త యజమాని అరచేతిలో పెట్టి వెనుదిరిగి చూడకుండా వెళ్ళిపోతాడు. ఆ వెనుదిరిగి చూడకపోవడం ఆత్మాభిమానానికి చిహ్నమని నేను భావించాను. చదివినవాళ్ళూ అలాగే భావించారు.

రెండేళ్ళ తర్వాత మా వీధి చివర కొట్లో బట్టలు కుట్టే ఒక దర్జీ నా దగ్గరకు వచ్చాడు. ఆ వరసలో అయిదు కొట్లు, అన్నీ బాగా పాతకాలపువి. అతని కొట్టు అద్దె నెలకు 300 రూపాయలు. అయిదో తారీకున కట్టి, ఒక చిన్న నోటుపుస్తకంలో ఇంటాయన చేత సంతకం పెట్టించుకునేవాడు. స్థలం మొత్తం అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు అయిదుగురికీ నోటీసులు పంపారు. అతను నా కథ చదివాడు, నేనే చదవమని ఇచ్చాను. "మీరు రాసినట్టే అయింది మాస్టారూ. ఇక ఖాళీ చెయ్యాల్సిందేగదా" అన్నాడు. నోటీసు చేతిలో పెట్టాడు. నేను ఆ కాగితాన్ని పైనుంచి కింది వరకూ చూశాను. చదివానని మాత్రం చెప్పలేను. భుజం తట్టి, ధైర్యం చెప్పి పంపించాను. పదిహేను రోజుల్లో అతను మిషను తీసుకుని ఊరి అవతలికి వెళ్ళిపోయాడు.

అతని పక్క కొట్లో పుస్తకాలు బైండు చేసే మనిషి ఉండేవాడు. అతను నా కథ చదవలేదు. నోటీసు తీసుకుని ఒక యూనియన్ ఆఫీసుకు వెళ్ళాడు. వాళ్ళు చెప్పినట్టు కొత్త యజమానికి అద్దె మనియార్డరు చేశాడు, వాళ్ళు తిప్పికొడితే రెంట్ కంట్రోలరు దగ్గర డిపాజిటు చేశాడు. ఖాళీ చేయించాలంటే వాళ్ళే కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆరేళ్ళ పాటు అదే కొట్లో అట్టలు అతికిస్తూ, చివరికి రాజీ చేసుకుని, ఇంకోచోట కొట్టు పెట్టుకోవడానికి సరిపడా డబ్బు తీసుకుని కదిలాడు. ఒకే వరస, ఒకే అమ్మకం, ఒకే నోటీసు. ఒకరికి పదిహేను రోజులు, ఒకరికి ఆరేళ్ళు. ఈ తేడాలో నా కథకు పాత్ర ఉందని ఒప్పుకోవడం నాకు సులభం కాలేదు. ఒప్పుకోక తప్పదు కాబట్టి ఈ వ్యాసం.

2

మన కథల్లో ఇల్లు అమ్ముడుపోవడం అంటే అద్దెదారు బతుకు తెగిపోవడం. రిజిస్ట్రేషన్ ఆఫీసులో సంతకం పడగానే అతని హక్కు గాలిలో కలిసిపోతుంది. ఇది కథకులందరూ మాట్లాడుకోకుండానే ఒప్పుకున్న ఒక నియమంలాగా తయారయింది. ఇది అబద్ధం. కల్పనలో తప్పనిసరిగా ఉండే అబద్ధం కాదు, జీవితం గురించి చెప్పే అబద్ధం.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆస్తిపరుల కోసం పుట్టిన చట్టమే. ఆ చట్టం కూడా ఈ మాట అనదు. అమ్మకంతో కౌలుగానీ అద్దెగానీ రద్దుకాదు. కొన్నవాడు అమ్మినవాడి స్థానంలోకి వస్తాడు, అంతే. 109వ సెక్షను చెప్పేది ఇదే. అమ్మినవాడికి ఉన్న హక్కులు కొన్నవాడికి వస్తాయి. అమ్మినవాడికి లేని హక్కు కొన్నవాడికి కొత్తగా పుట్టదు. అయిదేళ్ళకు రిజిస్టరు అయిన లీజులో మూడో ఏడు పూర్తయ్యాక ఇల్లు అమ్ముడుపోతే, ఆ లీజు షరతుల్లో మరోవిధంగా లేనంతవరకు, మిగిలిన రెండేళ్ళూ కొన్నవాడు ఆగవలసిందే. ఇల్లు చేతులు మారిందని తెలియక అద్దెదారు పాత యజమానికే అద్దె కడితే, కొత్త యజమాని దాన్ని మళ్ళీ అడగడానికి వీల్లేదు. అమ్మకానికి ముందటి బకాయిల మీద కూడా, అమ్మకంవల్లనే అతనికి హక్కు రాదు.

రాతకోతలు లేని నెలవారీ అద్దె మాటేమిటి? దానికి 106వ సెక్షను ఉంది. పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలి. ఒకప్పుడు ఆ నోటీసు గడువు అద్దె నెల చివరి రోజుతోనే ముగియాలనే నియమం ఉండేది. గడువు ఒక్క రోజు అటూ ఇటూ అయినందుకు ఏళ్ళ తరబడి నడిచిన దావాలు కొట్టుడుపోయిన సందర్భాలున్నాయి. 2003 నాటి సవరణతో ఆ నియమం పోయింది. నోటీసులో గడువు తక్కువైనా, అసలు గడువు దాటాక దావా వేస్తే చెల్లుతుందన్నారు. అంటే ఒక రోజు తేడాలో అద్దెదారుకు దొరికే నీడను కూడా చట్టం లాగేసుకుంది. కోర్టు గుమాస్తా అడిగిన "తేదీ ఏమిటి?" అనే ప్రశ్నలో ఇంత చరిత్ర ఉంది.

దీనికి పైన, పట్టణాల్లో అద్దె నియంత్రణ చట్టం ఉండేది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1960లో వచ్చిన చట్టం ప్రకారం అద్దెదారును ఖాళీ చేయించడానికి నిర్దిష్టమైన కారణం చూపాలి: అద్దె బకాయి, యజమాని అనుమతి లేకుండా మరొకరికి అద్దెకివ్వడం, భవనాన్ని పాడుచేయడం, యజమానికి నిజమైన సొంత అవసరం వంటివి. ఇల్లు అమ్మాను, లేదా కొన్నాను అనేది ఆ కారణాల్లో లేదు. గడువు తీరిన తర్వాత కూడా అద్దెదారు ఆ చట్టం కంటికి అద్దెదారే. ఇటువంటి రాష్ట్ర చట్టాల కింద ఖాళీ చేయించడానికి 106వ సెక్షను నోటీసు అవసరం లేదని 1979లో ధనపాల్ చెట్టియార్ కేసులో సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఏదీ ముగిసిపోదు, చట్టం చెప్పిన కారణం రుజువు కావాలన్నది అందులోని సారాంశం. అంటే మా దర్జీ చేతిలోని నోటీసు ఒక కోరిక మాత్రమే, ఆజ్ఞ కాదు. అతను దాన్ని ఆజ్ఞగా చదివాడు. నేనూ అలాగే చదివాను. నా కథ అలా చదవడం ఇద్దరికీ నేర్పింది.

అదే చట్టంలో ఇంకో తేదీ ఉండేది. 1957 ఆగస్టు 26న గానీ ఆ తర్వాత గానీ కట్టిన భవనాలకు ఆ చట్టం వర్తించదన్నారు. కొత్త ఇళ్ళ నిర్మాణాన్ని ప్రోత్సహించడానికి అన్నారు. పాతికేళ్ళు గడిచాయి. పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్ళు, ఒకటి ఆ తేదీకి ముందుది, ఒకటి తర్వాతిది. ఒక గోడకు ఇటు అద్దెదారుకు రక్షణ ఉంది, అటు అద్దెదారుకు లేదు. 1983లో మోటార్ జనరల్ ట్రేడర్స్ కేసులో సుప్రీంకోర్టు ఈ మినహాయింపును కొట్టివేసింది. ఒకప్పుడు సమంజసమైన తేడా కాలం గడిచేకొద్దీ అన్యాయంగా మారవచ్చునని చెప్పింది. ఆ ఏడాది చివరే ప్రభుత్వం మరో రూపంలో, కొత్త భవనాలకు పదేళ్ళ పాటూ, వెయ్యి రూపాయలు దాటిన అద్దెలకూ మినహాయింపులు తెచ్చింది. ఒక గోడకు అటూ ఇటూ నివసించే రెండు కుటుంబాల కథ ఆ పాతికేళ్ళూ మన కళ్ళముందే ఉంది. నేను చదివినంతలో ఆ కథ నాకు ఎదురుపడలేదు. గోడమీద తులసి ఆకులు మాత్రం చాలా కథల్లో రాలాయి.

3

"రచయిత చట్టం చదవాలా? సాహిత్యం వకాలతు పని చెయ్యాలా?" అని మిత్రులు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు మన సాహిత్య గురువుల దగ్గరే ఉంది.

చెహోవ్ 'చెర్రీ తోట' నాటకం 1904లో మాస్కోలో మొదటిసారి ప్రదర్శించారు. దాన్ని మనం సున్నితమైన విషాదంగా, అస్తమిస్తున్న ఒక వర్గానికి వీడ్కోలుగా చదువుకుంటూ వచ్చాం. కానీ ఆ నాటకానికి వెన్నెముక ఒక తేదీ. తోట వేలం ఆగస్టు 22న అని మొదటి అంకంలోనే లోపాహిన్ చెబుతాడు. అప్పటికి మే నెల, చెట్లు విరగబూసి ఉన్నాయి. ఆ తేదీ చెప్పిన క్షణం నుంచి పాత్రలు మాట్లాడే ప్రతి మాటకూ, పాడే ప్రతి పాటకూ, అప్పుచేసి ఇచ్చే విందుకూ వేరే అర్థం వస్తుంది. తోటను ముక్కలుచేసి వేసవి విడిదిళ్ళకు కౌలుకిస్తే ఏడాదికి కనీసం పాతికవేల రూబుళ్ళు వస్తాయని లోపాహిన్ లెక్క కూడా చెబుతాడు. మూడో అంకంలో ఆ తేదీ వస్తుంది. వాద్యాలు మోగుతుండగా తోట కొన్నది తానేనని అతనే ప్రకటిస్తాడు. తన తండ్రీ తాతా బానిసలుగా బతికిన ఎస్టేటును కొన్నాడు. తేదీ, లెక్క, కొన్నవాడు: ఈ మూడూ లేకపోతే ఆ నాటకంలో మిగిలేది నిట్టూర్పులే.

నాలుగో అంకం ఇంకా ముఖ్యం. యజమానులు రైలెక్కడానికి వెళ్ళిపోతారు. ముసలి నౌకరు ఫీర్స్ తాళం వేసిన ఇంట్లో మిగిలిపోతాడు. అతన్ని ఆసుపత్రికి పంపించారని అందరూ అనుకుంటారు. అతనికి లీజు లేదు, నోటీసూ రాలేదు. అమ్మకం దస్తావేజులో అతని పేరు లేదు. కాగితం మీద పేరులేని మనిషికి ఏమవుతుందో చెహోవ్ ఒక్క వ్యాఖ్య చెయ్యకుండా చూపించాడు. ముందు కాగితం మీద ఏముందో అంత ఖచ్చితంగా చూపించాడు కాబట్టే, కాగితం మీద లేనిది మనకు అంత బలంగా తగులుతుంది.

మన దేశంలోనే మరో ఉదాహరణ, బిమల్ రాయ్ తీసిన 'దో బీఘా జమీన్' (1953). ప్రజానాట్యోద్యమంతో పెనవేసుకున్న సలిల్ చౌధురి కథ, బల్రాజ్ సాహ్ని నటన. రైతు శంభు 65 రూపాయల అప్పు తీర్చబోతే, జమీందారు లెక్కలో అది 235 రూపాయలవుతుంది. కోర్టు మూడు నెలల గడువు ఇస్తుంది. ఆ 235, ఆ మూడు నెలలు, ఇవి రెండే ఆ చిత్రాన్ని నడిపిస్తాయి. శంభు కలకత్తాలో రిక్షా లాగుతూ పోగుచేసే ప్రతి రూపాయినీ మనం కూడా లెక్కపెడతాం. అతను అద్దెదారు కాదు, రెండు బీఘాల యజమాని. కానీ ఇక్కడ మనకు కావలసిన పాఠం ఒకటుంది: గడువును పట్టించుకున్న రచన పాఠకుణ్ణి ప్రేక్షకుడిగా కూర్చోనివ్వదు, లెక్కలో భాగస్వామిని చేస్తుంది. భూమి పోతుందని తెలిసి కూడా మనం ఆశపడతాం. మన అద్దెదారు కథల్లో ఈ ఆశకు చోటులేదు, ఎందుకంటే వాటిలో కాలమే లేదు. నోటీసు సాయంత్రం వస్తుంది, సామాను తెల్లవారి పోతుంది.

మూడోది, స్టైన్‌బెక్ నవల 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' (1939). ఓక్లహోమాలో కౌలుదారుల ఇళ్ళమీదికి ట్రాక్టరు వస్తుంది. నడిపేవాడు తెలిసినవాళ్ళ కుర్రాడే, రోజుకు మూడు డాలర్ల కూలికి వచ్చాడు. తుపాకి పట్టుకున్న కౌలుదారు ఎవర్ని కాల్చాలి? కుర్రాణ్ణా? అతనికి ఉత్తరువిచ్చిన మనిషినా? బ్యాంకునా? బ్యాంకుకు తూర్పునుంచి ఉత్తరువులు వస్తాయి. చివరికి కాల్చడానికి మనిషే దొరకడు. ఆస్తి చేతులు మారినప్పుడు జరిగే అసలు మార్పు ఇదే. ఎదురుగా నిలబడి తగాదా పడడానికీ, బతిమాలుకోవడానికీ ఉన్న మనిషి మాయమై, అతని స్థానంలో ఒక సంబంధం మాత్రం మిగులుతుంది.

మన కథల్లో దీనికి తలకిందులుగా జరుగుతోంది. కొత్త యజమాని కారు దిగుతాడు, నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాడు, నోరు పారేసుకుంటాడు. పాత యజమాని మాత్రం దేవుడు, పండక్కి అరిసెలు పంపేవాడు. మంచి యజమాని పోయి చెడ్డ యజమాని వచ్చాడు, అందుకే ఈ కష్టం అని పాఠకుడు అర్థం చేసుకుంటాడు. ఆస్తి సంబంధం గుణగణాల తగాదాగా మారిపోతుంది. వాస్తవంలో అద్దెదారును ఎక్కువ బాధపెట్టేది కొత్త యజమాని దుర్మార్గం కాదు. అతని ముఖమే తెలియకపోవడం. ఫోను చేస్తే ఆఫీసులో ఎవరో ఎత్తడం. అద్దె ఎవరికి కట్టాలో ఎవరూ చెప్పకపోవడం, మూడు నెలలు పోయాక కట్టలేదని బకాయిదారుగా చూపించడం. అడ్వాన్సు ఎవరు తిరిగి ఇస్తారంటే, అమ్మినవారు కొన్నవారి వైపూ, కొన్నవారు అమ్మినవారి వైపూ వేలు చూపించడం. ఇందులో ఒక్క తిట్టు కూడా ఉండదు. అయినా ఇదే క్రూరత్వం. దీన్ని పట్టుకోవడానికి కావలసింది ఆవేశం కాదు, పరిశీలన.

4

మన ఉద్యమ సాహిత్యానికి ఇది చేతగాక కాదు. బేదఖలు అన్న మాట తెలంగాణ పల్లెలో ఎంత భయంకరమైనదో మన సాహిత్యానికి తెలుసు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన 'మా భూమి' నాటకాన్ని 1947లో ప్రజానాట్యమండలి దళాలు ఊరూరా ప్రదర్శించినప్పుడు, దున్నేవాడికీ భూమికీ మధ్య ఉన్న సంబంధం ఎలాంటిదో ప్రేక్షకులు అక్షరం రాకపోయినా గుర్తుపట్టారు. ఆ పోరాటాల ఒత్తిడి వెనక ఉండబట్టే 1950 నాటి హైదరాబాదు కౌలుదారీ చట్టంలో రక్షిత కౌలుదారు అనే మాట వచ్చింది. పొలం విషయంలో మనకు శిస్తు ఎంతో తెలుసు, పాలు ఎంతో తెలుసు, ఎవరి పేరు పట్టాలో ఉందో, ఎవరి పేరు లేదో తెలుసు. అదే చూపు పట్టణంలోని వాటాల ఇంటికి వచ్చేసరికి మసకబారింది.

కారణం మన వర్గ స్థితిలోనే ఉందని నా అనుమానం. పట్టణ రచయితలం చాలామందిమి అద్దె ఇళ్ళలో పెరిగాం, తర్వాత అప్పుచేసి సొంత ఇల్లు కట్టుకున్నాం, మేడమీద ఒక వాటా అద్దెకిచ్చాం. అద్దెదారుగా మన జ్ఞాపకం ఏడుస్తుంది, యజమానిగా మన ప్రయోజనం మౌనంగా ఉంటుంది. ఈ రెంటికీ రాజీ కుదిర్చే రూపమే కన్నీటి కథ. అందులో అద్దెదారు మీద సానుభూతి ఉంటుంది, అతనికి హక్కు మాత్రం ఉండదు. సానుభూతికి ఖర్చులేదు. హక్కు అంటే రేపు మన మేడమీది వాటాలో ఉన్నవాడు కూడా అడగవచ్చు. నేను ఇతరులను అంటున్న మాట కాదిది. 1994లో ఆ కథ రాసేనాటికి మా ఇంటి పై వాటాలో అద్దెకున్నవాళ్ళున్నారు. వాళ్ళకు నేనెన్నడూ రసీదు ఇవ్వలేదు.

ఇక్కడ రెండోవైపు పొరపాటు కూడా చెప్పుకోవాలి. యజమానులందరూ దోపిడీదారులు, అద్దెదారులందరూ శ్రామికులు అని గీతగీసి రాసే కథలు కూడా మనకు వచ్చాయి. 1872లో ఎంగెల్స్ ఇళ్ళ సమస్యపై రాసిన వ్యాసాల్లోనే ఈ పొరపాటును విమర్శించాడు. అద్దెదారుకూ ఇంటి యజమానికీ ఉన్న సంబంధం కార్మికుడికీ పెట్టుబడిదారుకూ ఉన్న సంబంధం వంటిది కాదనీ, అది ప్రధానంగా సరుకు కొనుగోలు వంటిదనీ వాదించాడు. అదే వ్యాసాల్లో, నగరం నడిబొడ్డు నుంచి పేదల ఇళ్ళను తుడిచిపెట్టడంవల్ల సమస్య తీరదనీ, మరోచోటికి కదులుతుందనీ కూడా చూపించాడు. పాత అద్దెల మీద బతికే వితంతువు ఒకవైపు, ఆమె ఇంట్లో ముప్పయ్యేళ్ళుగా నామమాత్రపు అద్దెకు నగలకొట్టు నడిపే వ్యాపారి ఒకవైపు ఉన్న సందర్భాలు మనకు తెలుసు. అటువంటి చోట కథకుడు ఎవరి పక్షం వహించాలో పేర్లను బట్టి తేలదు. ఎవరి దగ్గర ఏ కాగితం ఉంది, ఎవరికి ఎంత కాలం ఉంది, ఎవరు ఆగగలరు, ఎవరు ఆగలేరు అన్న లెక్కను బట్టి తేలుతుంది.

చట్టం తెలిస్తే చాలు, అద్దెదారు గెలుస్తాడని కూడా నేను అనడంలేదు. చట్టం బైండింగు పనివాడికి ఆరేళ్ళు ఇచ్చింది, కొట్టు ఇవ్వలేదు. కోర్టు చుట్టూ తిరిగినన్నాళ్ళూ అతను పోగొట్టుకున్న పనిరోజుల్ని ఎవరూ కట్టివ్వలేదు. నీళ్ళు ఆపెయ్యడం, కరెంటు మీటరు తీసెయ్యడం, పక్కవాటా పడగొట్టి దుమ్ము లేపడం - నోటీసులో లేని నోటీసులు చాలా ఉంటాయి. వాటిని కూడా రాయాలి. కానీ హక్కు ఉందని తెలిసి ఓడిపోయినవాడి కథ వేరు, హక్కే లేదనుకుని తాళంచెవి ఇచ్చినవాడి కథ వేరు. మొదటిదాంట్లో పాఠకుడు వ్యవస్థను చూస్తాడు. రెండోదాంట్లో విధిని చూస్తాడు. విధిని చూపించడం మన పని కాదని ఈ సంఘం పుట్టిననాడే అనుకున్నాం.

5

ఇప్పుడీ మాటలన్నీ ఎందుకంటే, తేదీకి ఇదివరకటికంటే ఇప్పుడు బలం పెరిగింది. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి, దాన్ని తప్పించుకోవడానికి పదకొండు నెలల అగ్రిమెంటు అలవాటయింది. పదకొండు నెలలకొకసారి కొత్త కాగితం, కొత్త అద్దె. 1960 చట్టం నీడలో ఆ పదకొండు నెలలు తీరినా అద్దెదారు కదలనవసరం లేకపోయింది. రాష్ట్ర విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్ తన అద్దె చట్టాన్ని 2017లో తిరగరాసింది. 2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఒక నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించి రాష్ట్రాలకు పంపింది. దాని ప్రకారం ప్రతి అద్దెకూ రాతపూర్వకమైన ఒప్పందం ఉండాలి. గడువు తీరాక కూడా కదలకపోతే మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలి. అంటే పాత చట్టంలో యజమాని చూపించవలసిన కారణం వెనక్కి జరిగింది, ఒప్పందంలోని ఆఖరు తేదీ ముందుకు వచ్చింది. యజమాని కారణం చెప్పనక్కర్లేదు, క్యాలెండరు చెబుతుంది.

పొలంలోనూ ఇదే జరుగుతోంది. 2019లో ఆంధ్రప్రదేశ్ చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టంలో కౌలు రైతు కార్డు కాలపరిమితి పదకొండు నెలలు. దానికి యజమాని ఒప్పుకోలు కూడా కావాలి. పట్టణంలో గది, పల్లెలో చేను, రెంటికీ పదకొండు నెలలే. పన్నెండో నెల అనేది అద్దెదారు జీవితంలో లేకుండా పోయింది. ఈ పన్నెండో నెల గురించి రాయదలచుకున్న కథకుడికి చేతినిండా వస్తువు ఉంది. కానీ అతను ముందు అగ్రిమెంటు కాగితాన్ని, చిన్న అక్షరాలతో సహా, చదివి ఉండాలి.

శిల్పం గురించి ఒక మాట చెప్పి ముగిస్తాను. గోష్ఠి జరిగిన వారానికి ఆ యువ రచయిత్రి మా ఇంటికి వచ్చారు. ఆ పెద్దాయన ప్రశ్న ఆమెను కూడా వదల్లేదట. ఆయన్ను వెదుక్కుంటూ వెళ్ళి, ఒక పూటంతా కూర్చుని, రకరకాల నోటీసులు ఎలా ఉంటాయో చెప్పించుకుని రాసుకున్నారు. కథ తిరగరాస్తున్నానన్నారు. కొత్త ప్రతిలో భార్య నోటీసు చదువుతుంది. భర్త వణుకుతూ సామాను సర్దుతుంటే, పచ్చళ్ళ లెక్కలు రాసే పుస్తకం వెనక అట్టమీద, ఎప్పుడెప్పుడు ఎంత అద్దె కట్టిందో ఆమె రాసిపెట్టుకున్న వరస ఉంటుంది. పాతికేళ్ళ వరస. ఆమె దాన్ని నోటీసు పక్కన పెట్టి చూస్తుంది. ఆ తర్వాత ఏమవుతుందో రచయిత్రికి ఇంకా తేలలేదు. "వాళ్ళు గెలుస్తారని రాయలేనండీ, ఓడిపోతారనీ రాయలేకపోతున్నాను" అన్నారు. పాత కథలో ఈ ఇబ్బంది లేదు. ఈ ఇబ్బంది వచ్చిందంటే కథలోకి జీవితం వచ్చిందన్నమాట. తులసికోట ఉందా అని అడిగాను. ఉందన్నారు. ఆమె దానికి నీళ్ళు పోస్తుంది, కానీ చివరిసారి అని మాత్రం రాయలేదన్నారు.

నా కథ సంపుటిలో ఉంది. మూడుసార్లు అచ్చయింది. దాన్ని తిరగరాసే హక్కు నాకుంది గానీ, అది చదివి మిషను భుజాన వేసుకుని వెళ్ళిన మనిషికి ఆ కొట్టు తిరిగి ఇప్పించే శక్తి లేదు. అతను ఆనాడు నోటీసు నా చేతిలో పెట్టినప్పుడు, ఓదార్పు మాటలన్నిటికంటే ముందు నేను అడగవలసింది ఒక్కటే ప్రశ్న. అది అడగడానికి కోర్టు గుమాస్తా కానక్కర్లేదు, కథకుడైతే చాలు.